పనిగదిలో స్ప్రే కొట్టమని దయచేసి రాయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ చిట్కాల పేజీలో, ఇంట్లోనే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవాళ్ళకి పురుగులు, సాలీళ్ళ బెడద ఎలా తగ్గించుకోవాలో రాశారు. మా లాంటివాళ్ళ గురించి పట్టించుకున్నందుకు సంతోషించాను. కానీ మొదటి సలహా చదవగానే గుండె గుభేలుమంది. పని మొదలుపెట్టే ముందు బల్ల కింద, మూలల్లో పురుగుల మందు స్ప్రే బాగా కొట్టి, పది నిమిషాలు ఆగి పని చేసుకోమన్నారు. సరిగ్గా ఆ పనే నేను పదకొండేళ్ళ కిందట చేశాను. ఏం జరిగిందో చెబుదామనే ఈ ఉత్తరం.

నేను పాత కుర్చీలు, బల్లలు బాగుచేస్తాను. ఇంటి వెనక షెడ్డులో ఒక బల్ల, వైసు, గ్రైండరు, డ్రిల్లు, చిన్న రంపం మిషను ఉన్నాయి. ఒక సాయంత్రం బల్ల కింద బొద్దింకలు పరిగెత్తడం చూసి చిరాకేసి, స్ప్రే డబ్బా తీసుకుని కిందంతా కొట్టాను. వాన పడుతోందని తలుపు వేసే ఉంచాను. కాసేపటికి వాసన తగ్గింది. ఇక ఫరవాలేదనుకుని ఉలికి పదును పెడదామని గ్రైండరు వేశాను. ఉలి రాయికి ఆనగానే రవ్వలు జల్లుగా కిందికి రాలాయి. అంతే, భుక్కుమని బల్ల కింద నుంచి నీలంగా మంట లేచింది. నా కుడిచేతి మీది వెంట్రుకలు కాలిపోయాయి. మంట లేచినంత వేగంగానూ ఆరిపోయింది. ఆ రోజు పొద్దున్నే కింద ఉన్న రంపపు పొట్టు ఊడ్చేసి ఉండబట్టి సరిపోయింది. లేకపోతే షెడ్డు దక్కేది కాదు. నేనూ దక్కేదాన్నో లేదో.

డబ్బాలోంచి మందుని బయటికి తోసే గ్యాసు చాలావాటిలో బ్యూటేన్, ప్రొపేన్ రకం. మంట చప్పున అంటుకునే గ్యాసులు ఇవి. పైగా గాలికన్నా బరువు కాబట్టి పైకి లేచి పోవు, కిందికి దిగి బల్ల కింద, మూలల్లో నిలుస్తాయి. తలుపు మూసి ఉంటే మరీను. మన పనిగదిలో రవ్వలకి కొదవా? గ్రైండరు సంగతి సరే, చాలా డ్రిల్లుల్లో మోటారు తిరుగుతున్నప్పుడు దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షుల దగ్గర చిన్న చిన్న రవ్వలు పుడుతూనే ఉంటాయి. చీకట్లో డ్రిల్లు పక్కనుండే సన్న సందుల్లోంచి చూడండి, నీలంగా మిణుకుమిణుకుమంటాయి. డబ్బా మీద మంట బొమ్మ వేసి హెచ్చరిక రాస్తారు. అక్షరాలు మరీ చిన్నవి. ఆ డబ్బా కొన్నప్పుడు నేనూ చదవలేదు.

ఇంకో సంగతి. వంటింట్లోనో పడకగదిలోనో కొట్టిన మందుని తడిగుడ్డతో తుడిచేసుకోవచ్చు. పనిగదిలో అది పొట్టులో కలుస్తుంది, చెక్క మీద పడుతుంది. రేపు అదే చెక్కని గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి లేచి మన ముక్కులోకే వస్తుంది. జిడ్డు మచ్చ పడినచోట వార్నిష్ కూడా సరిగ్గా పట్టదు.

మంట లేచిన ఆ రోజు తర్వాత నేను డబ్బా ముట్టుకోలేదు. అలాగని పురుగులతో కాపురం చేస్తున్నాననీ కాదు. మొదట చేసిన పని, వారం రోజులు ఏమీ చంపకుండా ఊరికే చూడటం. రాత్రి టార్చి పట్టుకుని ఒక్కో మూలా వెతికాను. ముఖ్యంగా బూజు. బూజు ఎక్కడ దట్టంగా ఉంటే పురుగుల రాకపోకలు అక్కడే. సాలీడు మన మీద కోపంతో వచ్చి కూర్చోదు కదా, తిండి దొరికేచోట వల కడుతుంది. అందులో ఏం చిక్కుకుందో చూస్తే దొంగ ఎటు నుంచి వస్తున్నాడో తెలిసిపోతుంది. మా షెడ్డులో కిటికీ దగ్గర బూజు నిండా దోమలు, సన్న రెక్కల పురుగులు. తలుపు వెనక బూజులో బొద్దింక కాళ్ళు. చెక్కలు పేర్చిన మూల మాత్రం రాలిన రెక్కలు కనబడ్డాయి. నాలుగూ ఒకే పొడవున్న పల్చటి రెక్కలు.

ఆ రెక్కలు చూశాక నిజంగా భయమేసింది. అవి ఉసిళ్ళవి, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులవి. రెక్కల చీమలు కూడా చూడటానికి ఇలాగే ఉంటాయి గానీ, చీమకి నడుము సన్నం, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. ఉసిళ్ళకి నడుము ఉండదు, నాలుగు రెక్కలూ సమానం. గది లోపల రెక్కలు రాలి ఉన్నాయంటే చెదల పుట్ట ఎంతో దూరంలో లేదన్నమాట. చెక్కలన్నీ తీసి చూస్తే, గోడ వెంబడి నేల నుంచి పెన్సిలు మందాన మట్టిదారి పైకి పాకి ఉంది. దీనికి మాత్రం తెలిసినవాళ్ళని పిలిచి నేలకి మందు వేయించాను. మందే వద్దనడం లేదు నేను. ఏ పురుగో తెలిశాక, అది ఉన్నచోటే, పని తెలిసినవాళ్ళ చేత వేయించాలి. ఇప్పుడు నా చెక్కలన్నీ నేలకి జానెడు ఎత్తున, గోడకి ఎడంగా ఇనప స్టాండు మీద ఉన్నాయి.

మిగతావాటికి చేసినవి చిన్న పనులే. తలుపు కింద రెండు వేళ్ళు పట్టేంత సందు ఉండేది. రబ్బరు పట్టీ వేశాను. కిటికీకి సన్న జాలీ కొట్టించాను. తలుపు నెత్తిన తెల్లటి ట్యూబులైటు ఉండేది, దాన్ని తీసి పసుపు రంగు ఎల్‌ఈడీ బల్బు పెట్టి, తలుపుకి దూరంగా స్తంభానికి మార్చాను. తెల్లటి, నీలం కలిసిన వెలుగుకి వచ్చినన్ని పురుగులు పసుపు వెలుగుకి రావు. అట్టపెట్టెలన్నీ పారేసి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చుకున్నాను, ఎందుకంటే అట్టల మడతల్లో బొద్దింకలు గుడ్లు పెట్టి దాక్కుంటాయి. పొట్టు ఏ రోజుది ఆ రోజే తీసేస్తాను. గాలి గొట్టంతో ఊదితే దుమ్ము గదంతా పరుచుకుంటుంది కాబట్టి వాక్యూమ్ క్లీనరుతో లాగుతాను. సన్న మూతి తగిలిస్తే బూజూ, దానిలోని గుడ్ల సంచులూ కూడా వస్తాయి. ఒక్కో సంచిలో పదుల కొద్దీ, కొన్నిట్లో వందల కొద్దీ గుడ్లు ఉంటాయి. అందుకే లాగేసిన వెంటనే క్లీనరులోని సంచి బయట ఖాళీ చేయాలి. రెండు నెలలకే సగం బూజు దానంతటదే తగ్గింది. నేను సాలీళ్ళని ఒక్కదాన్నీ చంపలేదు. తిండి దొరక్క వెళ్ళిపోయాయి.

కందిరీగల గురించి మీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. వర్క్‌షాపు ఉన్నవాళ్ళకి అది ముఖ్యం. గుంపుగా ఉండేవి కావు, ఒంటరిగా తిరుగుతూ మట్టిగూళ్ళు కట్టే సన్న నడుము కందిరీగలు. కాస్త బొక్క కనబడితే చాలు, మట్టి తెచ్చి మూసేస్తాయి. మా రంపం మిషనుకి పొట్టు బయటికి పోయే గొట్టం ఉంది. మూడు వారాలు ఊళ్ళో లేను. వచ్చి మిషను వేస్తే పొట్టు బయటికి రాకుండా నా ముఖం మీదికి తన్నింది. గొట్టం విప్పితే లోపల సిమెంటులా గట్టిపడ్డ మట్టి. కాగితం పరిచి ఉలి మొనతో నెమ్మదిగా పగలగొట్టాను. లోపల వరసగా నాలుగు అరలు. ఒక్కో అరలో పదీ పన్నెండు చిన్న సాలీళ్ళు కుక్కి ఉన్నాయి. చచ్చాయనుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే ఒకదాని కాలి చివర సన్నగా వణికింది. ఆ కందిరీగ సాలీడుని కుట్టి చంపదు, కదలకుండా చేస్తుంది. అలాంటివాటిని అర నిండా పెట్టి, ఒక గుడ్డు పెట్టి మూత వేసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వాటిని తాజాగా తింటూ పెరుగుతుంది. ఒక అరలో తెల్లటి పురుగు అప్పటికే తింటూ ఉంది. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఒళ్ళు జలదరించింది, ఆశ్చర్యమూ వేసింది.

మూసుకున్న గొట్టాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ దగ్గర సముద్రంలో ఒక విమానం కూలి, అందులో ఉన్న 189 మందీ పోయారు. వేగం కొలిచే సన్న గొట్టం ఒకటి మూసుకుపోవడం వల్ల పైలట్లకి తప్పు వేగం కనబడిందని దర్యాప్తులో తేల్చారు. కొన్నాళ్ళు ఎగరకుండా నిలిపి ఉంచిన ఆ విమానం గొట్టంలో మట్టి కందిరీగ గూడు కట్టి ఉంటుందని అనుమానించారు. మన కంప్రెసరు, జనరేటరు, స్టవ్వు గొట్టాలకీ ఇదే ముప్పు. వాడనప్పుడు గుడ్డ ముక్కో బిరడానో పెట్టి, మళ్ళీ వేసే ముందు గుర్తుగా తీయాలి. మర్చిపోకుండా నేను ఎర్రగుడ్డ వాడతాను.

చెక్కని పుచ్చే పురుగు గురించీ నాలుగు మాటలు. బాగుచేయమని ఇచ్చిన కుర్చీ కాలు కింద ఒక రోజు పౌడరు రాలినట్టు కనబడింది. వేళ్ళతో నలిపితే మెత్తగా, ముఖానికి రాసుకునే పౌడరులా ఉంది. కాలు మీద గుండుసూది గుచ్చినంత బొక్కలు. పురుగు లోపలే ఉండి చేవ లేని తెల్ల చెక్కని, అందులోని పిండి పదార్థం కోసం తింటుంది. పెద్దయ్యాక బొక్క చేసుకుని బయటికొస్తుంది. రబ్బరు చెక్క, వెదురు దానికి బాగా ఇష్టం. అలాంటి వస్తువు వస్తే ముందు విడిగా పెడతాను. కింద నల్ల కాగితం పరిచి, కొత్త పొడి రాలుతోందో లేదో రెండు వారాలు చూస్తాను. రాలుతుంటే పురుగు బతికే ఉంది. వార్నిష్ వేయని చెక్కకైతే బోరేట్ అనే ఉప్పు లాంటి పురుగుల మందు కలిపిన నీళ్ళు పట్టిస్తే లోపలికి ఇంకుతాయి. వార్నిష్ వేసిన చెక్కకి పట్టించి లాభం లేదు, పై పొర తీసేయాల్సిందే. దేశాలు దాటే సరుకు పెట్టెల చెక్కని అయితే నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి చేరి 30 నిమిషాలు ఉండేలా వేడి చేస్తారు. ఆ చెక్క మీద హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్, అంటే వేడి చేసినది) అని ముద్ర ఉంటుంది. పాత పెట్టెల చెక్క తెచ్చుకునేవాళ్ళు ఆ ముద్ర చూసి తెచ్చుకోవడం మంచిది. అయితే ఆ తర్వాత ఎక్కడ నిలవ ఉంచారో కూడా అడగాలి.

ఒంటికి తగిలేవాటి విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. గ్లవుజులు, చెవులకి పెట్టుకునేవి, దుమ్ము మాస్కు, ఈ మూడూ మూత బిగుతుగా ఉన్న డబ్బాలోనే ఉంటాయి. అయినా వేసుకునే ముందు దులుపుతాను. మా వారు ఒకసారి మేకుకి వేలాడదీసిన గ్లవుజులో చెయ్యి పెట్టి జెర్రి చేత కుట్టించుకున్నారు. రెండు రోజులు చెయ్యి వాచి ఉంది. తేళ్ళ భయం ఉన్నచోట అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి ఉంచుకోండి. చీకట్లో వేస్తే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది, దాక్కోలేదు.

ఇంత చేశాక కూడా నా షెడ్డులో సాలీళ్ళు ఉన్నాయి. ఉండనిస్తున్నాను. కప్పు మూలల్లో పొడుగు కాళ్ళవి, ముట్టుకుంటే వలతో సహా గిరగిరా ఊగేవి. అవి వేరే సాలీళ్ళని కూడా తింటాయి. బల్ల మీద ఒక గెంతే సాలీడు ఉంది. వల కట్టదు, చూపుతోనే వేటాడుతుంది. నేను గీత గీయడానికి మూలమట్టం పెడితే దాని ఇనప పట్టీ మీదికి ఎక్కి, ముందున్న రెండు పెద్ద కళ్ళతో నా పెన్సిలు ఎటు కదిలితే అటు తిరుగుతుంది. ఇవి మనిషికి హాని చేసేవి కావు. పనికి అడ్డం వస్తే గాజు గ్లాసు బోర్లించి, కింద కాగితం తోసి, బయట వదిలిపెడతాను.

సంపాదకులు గారూ, ఇన్ని రాసింది వచ్చే ఆదివారం అదే పేజీలో రెండు వాక్యాలు వేయమని అడగడానికి. గ్రైండరు, వెల్డింగు, హీటరు ఉన్న గదిలో స్ప్రే డబ్బా వాడొద్దని రాయండి. ఎవరైనా అప్పటికే కొట్టేసి ఉంటే, తలుపులూ కిటికీలూ బార్లా తీసి బయటికి వచ్చేయాలనీ, గాలి బాగా ఆడి గ్యాసు పోయేదాకా ఏ స్విచ్చీ ముట్టుకోవద్దనీ రాయండి. మీ పేజీని కత్తిరించి పనిగది గోడకి అంటించుకునేవాళ్ళు ఉన్నారు. నా గోడకి మూడు ఉన్నాయి.

నమస్కారాలతో,
కుర్చీలు బాగుచేసే ఒక పాఠకురాలు