కత్తి పెట్టకముందే సూది పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో 30 ఏళ్లుగా బట్టలు కుడుతున్నా. ఊరందరి నడుం కొలిచే నేను నా నడుం సంగతి పట్టించుకోలేదు. ఏడాదిలో రెండుసార్లు ప్యాంటు వెనక కుట్టు విప్పి వదులు చేసుకున్నా. 34 కాస్తా 38 అయింది. "ఏందయ్యా, మొగం పీక్కపోయె, చేతులు సన్నబడె, పొట్టొకటే పెరగతా ఉండాది?" అని మా ఇంటామె అంటున్నా గ్యాసు మాత్రలు మింగి మిషను తొక్కుతూ కూర్చున్నా. నొప్పంటూ ఉంటే కదా భయపడటానికి.

చివరకు స్కానింగులో ఎడమ కిడ్నీ పక్కన పెద్ద గడ్డ కనపడింది. ఇక్కడ ఒక డాక్టరు గారు "రేపే చేరండి, పొట్ట తెరిచి వీలైనంత తీసేద్దాం" అన్నారు. చేరేవాణ్ణే. ల్యాబులో పనిచేసే మా మేనల్లుడు అడ్డం పడి చెన్నై తీసుకుపోయాడు.

అక్కడ ముందు కత్తి మాటే ఎత్తలేదు. లోపలివి స్పష్టంగా కనపడేందుకు మందు ఎక్కించి పొట్టకీ ఛాతీకీ సీటీ స్కాన్ తీశారు. బోర్లా పడుకోబెట్టి వీపు వైపు నుంచి సూదితో నాలుగైదు ముక్కలు తీశారు. ముందువైపు నుంచి పోతే క్యాన్సర్ కణాలు పేగుల మధ్య చిందే ప్రమాదం ఉందట. లైపోసార్కోమా అని తేలింది. కొవ్వులో పుట్టే క్యాన్సర్. పేగుల వెనక చోటు ఎక్కువ కాబట్టి అన్నిటినీ పక్కకు నెట్టుకుంటూ చప్పుడు లేకుండా పెరుగుతుందట.

గడ్డ, దానికి అంటుకున్న కిడ్నీ, పెద్దపేగులో కొంత, అన్నీ కలిపి ఒకే ముద్దగా తీశారు. బాగున్న కిడ్నీ ఎందుకు తీస్తారని ముందు పేచీ పెట్టా. విడదీయబోతే అంచుల్లో క్యాన్సర్ మిగిలిపోతుంది, రెండో కిడ్నీ బాగా పనిచేస్తోందని చూసుకున్నాకే చెబుతున్నాం అన్నారు. గడ్డ 26 సెంటీమీటర్లు. నా టేపులో పదంగుళాల పైమాటే. దీనికి మొదటి ఆపరేషనే అసలైనదట. గుడ్డ మీద కత్తెర తప్పు పడితే ఏమవుతుందో నాకు వేరే చెప్పాలా?

పెద్దవాళ్లకొచ్చే వంద క్యాన్సర్లలో మెత్తటి కణజాలపు సార్కోమాలు, అంటే నాకొచ్చినట్టు కొవ్వులోనో కండరాల్లోనో పుట్టేవి, అన్నీ కలిపినా దాదాపు ఒకటే. వాటిలోనూ పొట్ట వెనక వచ్చేవి నూటికి 10, 15. కాబట్టి ఇక్కడి డాక్టరు గారిని తప్పు పట్టను. కానీ కోసేముందు ఆ ఫిల్ములు పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి పంపి అడగడానికి అడ్డమేంటి? జిల్లా వైద్యాధికారులు ఆ ఏర్పాటు చేయాలి.

మళ్లీ అదే చోట వచ్చే రకం కాబట్టి నాకు నాలుగు నెలలకోసారి సీటీ తప్పదు. ఈలోగా కొట్టుకొచ్చేవాళ్లలో ఒళ్లు చిక్కి నడుం ఒక్కటే పెరిగినవాళ్లు కనపడితే స్కానింగు తీయించుకోమంటున్నా. మొన్న ఒకాయన కోప్పడి ప్యాంటు గుడ్డ వెనక్కి తీసుకుపోయాడు.

– ఒక దర్జీ, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు