రాజురా బస్సులో పక్కన కూర్చున్న అక్కకు

మొన్న చంద్రపూర్ నుంచి రాజురా వచ్చే బస్సులో మా పక్కన కూర్చున్న అక్కా, మీ పేరు అడగడం మరిచిపోయాను, అందుకే ఇక్కడ థ్యాంక్స్ చెబుతున్నా. తాడోబా అడవిలోని పులుల మీద రీసెర్చ్ చేస్తున్నారని తెలిసి మా అమ్మ ఏవేవో అడిగితే విసుక్కోకుండా ఫోన్‌లో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవని, ఒకే పులికైనా ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఇంకోలా ఉంటాయి కాబట్టే దారికి అటొకటి ఇటొకటి కెమెరాలు కడతారని మన తెలుగులోనే చెప్పారు. 1955 నుంచి నేషనల్ పార్కుగా ఉన్న అడవి ఇంత దగ్గరున్నా ఈ ముక్క మాకెవరూ చెప్పలేదక్కా. చెట్లకు కట్టిన ఆ డబ్బాలను ముట్టుకోవద్దని, అవి పులుల లెక్క కోసమని తునికాకుకు వెళ్లే వాళ్లందరికీ ఇప్పుడు అమ్మే చెబుతోంది.