ప్రింటరు చెడిపోలేదు, దాని నంబరు మారింది

సంపాదకులు గారికి,

నమస్కారం. కడపలో కరెంటు పోయి వచ్చిందంటే చాలు, వకీళ్ల ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో, దస్తావేజులు రాసేవాళ్ల దగ్గర ఒకటే మాట: ‘ప్రింటరు ఆఫ్‌లైన్ అంటోంది’. లైట్లన్నీ వెలుగుతుంటాయి, కాగితం ఉంటుంది, ఇంకు ఉంటుంది, కంప్యూటరు మాత్రం ప్రింటరు లేనే లేదంటుంది. మెకానిక్కును పిలిస్తే వచ్చి, ఉన్నదాన్ని తీసేసి మళ్లీ యాడ్ చేసి, డబ్బు తీసుకుని పోతాడు. ఇంకోసారి కరెంటు పోయేదాకా బాగుంటుంది. ఇందులో ప్రింటరు తప్పు చాలా తక్కువ. మొదటిరోజు బిగించినవాళ్లు సగంలో వదిలేసిన పని ఇది. ఆ మిగతా సగం ఏమిటో మీ పాఠకులకు తెలిస్తే ఎవరినీ పిలవక్కర్లేదు.

రౌటరు తన వైఫైకి తగులుకున్న ప్రతి వస్తువుకూ ఒక ఐపీ నంబరు, అంటే నెట్‌వర్కులో దాని చిరునామా, ఇస్తుంది. ఫోనుకు ఒకటి, టీవీకి ఒకటి, ప్రింటరుకు ఒకటి. అది అద్దె ఇల్లులాంటిదే; గడువు తీరితే మారిపోవచ్చు. పైగా చవక రౌటర్లలో చాలావాటికి కరెంటు పోగానే ఎవరికి ఏ నంబరు ఇచ్చామన్న లెక్క కూడా పోతుంది. మళ్లీ వెలిగాక ఎవరు ముందు అడిగితే వాళ్లకు ఇస్తుంది. నిన్నటిదాకా ప్రింటరుకు ఉన్న 192.168.1.7 ఈరోజు టీవీకి పోయి, ప్రింటరుకు 192.168.1.12 వచ్చిందనుకోండి. కంప్యూటరు ఇంకా 7నే పట్టుకుని పిలుస్తూ ఉంటుంది. టీవీ పలకదు. అదే ‘ఆఫ్‌లైన్’.

మందు ఒక్కటే: ప్రింటరుకు ఒక నంబరు శాశ్వతంగా రాసిపెట్టడం. ముందు ప్రింటరు నుంచే నెట్‌వర్కు వివరాల కాగితం తీయాలి. తెర ఉన్న ప్రింటరులో నెట్‌వర్కు మెనూలో దొరుకుతుంది, తెర లేనివాటిలో ‘ఐ’ గుర్తు బటనో, వైఫై బటనో కాసేపు నొక్కిపట్టాలి. మోడల్‌ను బట్టి మారుతుంది, పెట్టెలో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ కాగితంలో ఏ వైఫైకి తగులుకుంది, ఐపీ ఎంత, మ్యాక్ అడ్రసు ఏమిటి అన్నీ వస్తాయి. మ్యాక్ అడ్రసు అంటే వస్తువుకు కంపెనీ ఇచ్చిన సొంత గుర్తింపు, రెండేసి గుర్తుల చొప్పున ఆరు జతలు. కేబుల్ పెట్టే రంధ్రం కూడా ఉన్న ప్రింటరయితే రెండు మ్యాక్ అడ్రసులు కనిపిస్తాయి. వైర్‌లెస్ అని ఉన్నదే తీసుకోవాలి. తొందరలో రెండోది ఎక్కించి, పని జరగలేదని రౌటరును తిట్టేవాళ్లు చాలామంది.

తర్వాత కంప్యూటరు బ్రౌజరులో రౌటరు నంబరు కొట్టాలి. ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. కాకపోతే విండోస్ వైఫై ప్రాపర్టీస్ లోనో, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టిన తర్వాతో ‘డిఫాల్ట్ గేట్‌వే’ ఎదురుగా కనిపించేదే అది. లాగిన్ అయ్యాక లాన్ సెట్టింగుల్లో ‘డీహెచ్‌సీపీ రిజర్వేషన్’, ‘అడ్రస్ రిజర్వేషన్’, ‘స్టాటిక్ డీహెచ్‌సీపీ’, ఏ పేరుతో ఉన్నా ఒకటే (డీహెచ్‌సీపీ అంటే రౌటరు నంబర్లు పంచే పని). అక్కడ మ్యాక్ అడ్రసు, దాని ఎదురుగా రౌటరు నంబరులోని మొదటి మూడు భాగాలు అలాగే ఉంచి చివరిది మాత్రం మీకు నచ్చినట్టు, చెప్పాలంటే 192.168.1.50, రాసి సేవ్ చేసి, ప్రింటరును ఆపి మళ్లీ వేయాలి. ఇక కరెంటు ఎన్నిసార్లు పోయినా అది 50లోనే ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. రౌటరు లాగిన్ పాస్‌వర్డ్ ఇంటివాళ్ల దగ్గర ఉండదు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వైఫై పాస్‌వర్డ్ ఒక్కటి చీటీ మీద రాసిచ్చి వెళ్లిపోతాడు. లాగిన్ అడిగితే ‘అది మీకెందుకు సార్’ అంటారు. నెలనెలా బిల్లు కట్టేవాళ్లకు కాకపోతే ఇంకెవరికి? కనెక్షన్ ఇచ్చేవాళ్లు ఆ వివరాలు కూడా రాసివ్వాలి. ఇవ్వనంటే ఒక దొడ్డిదారి ఉంది: ప్రింటరు ఐపీని బ్రౌజరులో కొడితే ప్రింటరు సొంత పేజీ తెరుచుకుంటుంది. అందులో వైర్‌లెస్, ఐపీవీ4 దగ్గర ‘మాన్యువల్’ పెట్టి నంబరు మనమే ఇవ్వొచ్చు. సబ్‌నెట్ మాస్కు 255.255.255.0, గేట్‌వే రౌటరు నంబరు. అయితే రౌటరు అదే నంబరును ఎప్పుడైనా ఇంకో ఫోనుకు ఇచ్చిందంటే రెండూ కొట్టుకుంటాయి. అందుకని రౌటరు పంచే వరుస బయటి నంబరు ఎంచుకోవాలి. వరుస ఎక్కడిదాకా ఉందో చూడ్డానికి మళ్లీ రౌటరు లాగిన్ కావాలి, అది వేరే సంగతి.

ప్రింటరు నంబరు కుదిరాక విండోస్‌లో కూడా సరిచేయాలి. దానంతట అది వెతికి చేర్చుకున్న ప్రింటరు ఎక్కువసార్లు ‘డబ్ల్యూఎస్‌డీ’ అనే పోర్టు మీద కూర్చుంటుంది (పోర్టు అంటే కంప్యూటరు ప్రింటరును చేరే దారి). నిద్రలోకి పోయి లేచినప్పుడల్లా ప్రింటరు తప్పిపోయేది చాలాసార్లు దీనివల్లే. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో ఆ ప్రింటరు మీద నొక్కి, ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్, యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్, న్యూ పోర్ట్, ఈ వరుసలో వెళ్లి 192.168.1.50 కొట్టాలి. అయిపోయాక ‘కాన్ఫిగర్ పోర్ట్’ తెరిచి, కింద ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ ఎదురుగా టిక్కు ఉంటే తీసేయాలి. ఆ టిక్కు ఉంటే విండోస్ మధ్యమధ్యలో ‘ఉన్నావా’ అని ప్రింటరును అడుగుతుంది. కొన్ని ప్రింటర్లు ఆ భాషలో బదులివ్వవు. బదులు రాకపోతే, ప్రింటరు ఎదురుగా సిద్ధంగా ఉన్నా సరే, ఆఫ్‌లైన్ అని రాసేస్తుంది. చాలామందికి తెలియని టిక్కు ఇది.

ఒక్కోసారి నంబరు సరిగానే ఉన్నా వరుసలో ఇరుక్కున్న పాత ప్రింటు కొత్తవాటిని కదలనివ్వదు. డిలీట్ కొడితే ‘డిలీటింగ్’ అని గంటసేపు చూపిస్తుంది. విండోస్ సర్వీసెస్‌లో, ప్రింట్లను వరుసలో నిలబెట్టే ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ ఫోల్డరు తెరిచి లోపలివన్నీ చెరిపేసి, స్పూలర్‌ను మళ్లీ వేస్తే సరి. ఫోల్డరును చెరపకూడదు, లోపలివే.

ఇక కొత్త ప్రింటరు కొన్నవాళ్ల గోడు వేరు. ‘ఫోన్లో మా వైఫై కనిపిస్తుంది, ప్రింటరులో కనిపించదు’ అంటారు. ఇళ్లలో వాడే ఇంకు ట్యాంకు ప్రింటర్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వాటి కంటికి ఆనదు. ఇప్పటి రౌటర్లు చాలావరకు రెండింటినీ ఒకే పేరుతో నడుపుతాయి కాబట్టి, ఫోను 5 మీద ఉండగా ప్రింటరు సెటప్ మధ్యలో ఆగిపోతుంది. రౌటరులో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, సెటప్ అయ్యేదాకా ఫోనును 2.4 మీదకు తేవాలి. తర్వాత ఫోను ఏ పేరు మీదున్నా ప్రింటు వస్తుంది, రెండూ ఒకే ఇంటి నెట్‌వర్కు కదా. రౌటరులో వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం ఒక్కటే పెట్టి ఉన్నా పాత ప్రింటర్లు తగులుకోవు. డబ్ల్యూపీఏ2, లేదా రెండూ కలిసినది పెట్టాలి. అతిథుల కోసం పెట్టే గెస్ట్ వైఫైలో ప్రింటరును చేర్చకూడదు. అక్కడ ఒక వస్తువుకు ఇంకో వస్తువు కనబడకుండా రౌటరే అడ్డుగోడ కడుతుంది.

సెటప్ చేసేటప్పుడు ఫోన్లో లొకేషన్, బ్లూటూత్ వేసి, మొబైల్ డేటా ఆపేయండి. సెటప్‌లో ప్రింటరు తానే ఒక చిన్న వైఫై వదులుతుంది, దానికి ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోను దాన్ని వదిలేసి సిమ్ము నెట్‌కు జారుకుంటుంది, యాప్ ‘ప్రింటరు దొరకలేదు’ అంటుంది. హెచ్‌పీ ప్రింటర్లయితే మొదటిసారి ఆన్ చేశాక రెండు గంటలే సెటప్ స్థితిలో ఉంటాయి. పొద్దున ఆన్ చేసిపెట్టి సాయంత్రం తీరిగ్గా కూర్చుంటే యాప్‌కు కనిపించదు. నెట్‌వర్కు రీసెట్ చేస్తే మళ్లీ వస్తుంది. రౌటరుకూ ప్రింటరుకూ పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ బటను ఉంటే ఆ దారి సులువే: రౌటరు మీద నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటరు మీద కూడా నొక్కాలి.

కడపలో పాత మిద్దెల గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి, మూరెడు మందం. రౌటరు వసారాలో, ప్రింటరు లోపలి గదిలో, రెంటి మధ్య ఇనుప బీరువా ఉంటే 2.4 కూడా తడబడుతుంది. సిగ్నలు బలహీనంగా ఉంటే చిన్న ఫైళ్లు వస్తాయి, పెద్ద పీడీఎఫ్ సగంలో ఆగుతుంది. ‘ఒక పేజీ వస్తుంది, ఆధార్ స్కాను రాదు’ అనేవాళ్లు ముందు ప్రింటరును రౌటరు పక్కకు తెచ్చి చూడాలి.

అందుకని మేడమీద ఇంకో రౌటరు కొని పెడతారు. కింది రౌటరు నుంచి వచ్చిన కేబులును పై రౌటరు ‘వాన్’ రంధ్రంలో పెడితే అది వేరే నెట్‌వర్కు అయిపోతుంది. కింద 192.168.1 వరుస, పైన 192.168.0 వరుస. ప్రింటరు పైన ఉంటే కింది కంప్యూటర్లకు అది కనపడదు, నెట్ మాత్రం రెండు చోట్లా బాగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పై రౌటరును, సొంత నంబర్లు పంచకుండా కింది నెట్‌వర్కునే పొడిగించే ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లో పెట్టాలి. ఆ మోడ్ లేకపోతే దాని నంబరు కిందిదానితో ఢీకొనకుండా మార్చి, డీహెచ్‌సీపీ ఆపి, కేబులును ‘లాన్’ రంధ్రంలోకి మార్చాలి.

ఆఫీసుల్లో నాలుగైదు కంప్యూటర్లుంటే ఒకదానికి ప్రింటరు తగిలించి మిగతావాటికి షేర్ చేయడం పాత పద్ధతి. ఆ ఒక్క కంప్యూటరు ఆపితే అందరి పనీ ఆగినట్టే. 2021లో విండోస్ ప్రింటింగులో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే లోపం బయటపడ్డాక మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్లతో షేరింగు మరీ గట్టిపడింది. డ్రైవరు, అంటే ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేరు, ఎక్కాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, కొన్నిచోట్ల అసలే తగులుకోదు. వైఫై ప్రింటరు చేతిలో ఉండగా ఆ బాధ ఎందుకు? ప్రతి కంప్యూటరులోనూ పైన చెప్పిన ఐపీ పోర్టుతో నేరుగా చేర్చుకోవడమే మేలు.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి. ఫైబర్ పెట్టె, రౌటరు తేరుకుని నెట్ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ప్రింటరు అంతకంటే ముందే లేచి, వైఫై లేదని కొన్ని మోడళ్లలో ఊరుకుండిపోతుంది. అలాంటప్పుడు రౌటరు లైట్లు నిలకడగా వెలిగాక ప్రింటరును ఒకసారి ఆపి వేస్తే చాలు. రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టుకోవడం ఇంకా మంచిది. అడాప్టరు మీద 12 వోల్టులని ఉంటే యూపీఎస్ కూడా కచ్చితంగా 12 వోల్టులే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ కాకూడదు. ఇంకు ట్యాంకు ప్రింటరును ఇన్వర్టరు మీద నడపొచ్చు, ప్రింటు తీసేటప్పుడు కూడా అది 10 నుంచి 20 వాట్లకు మించి తీసుకోదు. లేజర్ ప్రింటరును మాత్రం కంప్యూటరు యూపీఎస్‌కు తగిలించవద్దు. పొడి ఇంకును కాగితానికి అంటించే వేడి రోలరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. యూపీఎస్ కీచుమని ఆగిపోతుంది, పక్కనున్న కంప్యూటరూ దాంతోపాటే.

వేసవిలో కూలరు గాలి కాగితం కట్ట మీదకు తగలనివ్వకండి. చెమ్మ పట్టిన కాగితం చివర్లు వంగి రోలర్ల మధ్య ఇరుక్కుంటుంది. ట్యాంకు ప్రింటరులో వారానికి ఒక రంగుల పేజీ తీయకపోతే మన ఎండలకు నాజిల్స్, అంటే ఇంకు వచ్చే సన్న రంధ్రాలు, ఎండిపోతాయి. విండోస్‌లో రీజియన్ అమెరికాగా ఉంటే కాగితం ‘లెటర్’ సైజులో, అంటే 216కు 279 మిల్లీమీటర్లుగా ఉంటుంది. మనకు కావాల్సిన ఏ4 210కి 297. కాగితం నిండా ఉన్నా ‘పేపర్ మిస్‌మ్యాచ్’ అని ఆగిందంటే చూడాల్సింది ఇదే. దస్తావేజులవాళ్లు లీగల్ సైజు, 216కు 356, ప్రింటరులోనూ కంప్యూటరులోనూ రెండు చోట్లా పెట్టుకోవాలి.

చివరిగా, ఇవేవీ కుదరక గూగుల్‌లో ‘ప్రింటరు ఆఫ్‌లైన్’ అని వెతికేవాళ్లకు ఒక హెచ్చరిక. కంపెనీ పేర్లు పెట్టుకున్న దొంగ సైట్లు, ‘టోల్ ఫ్రీ’ నంబర్లు పైనే కనిపిస్తుంటాయి. ఫోను చేస్తే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, కంప్యూటరు తమ చేతిలోకి తీసుకుని, ‘వైరస్ ఉంది’ అంటూ డబ్బు అడుగుతారు, లేదా బ్యాంకు వివరాల్లోకి పోతారు. డ్రైవరు కావాలంటే ప్రింటరు పెట్టె మీద, లోపలి కాగితం మీద అచ్చయిన సైటు చిరునామానే కొట్టండి. హెచ్‌పీకి అది 123 డాట్ హెచ్‌పీ డాట్ కామ్. ప్రింటరు కంపెనీ ఏదీ డ్రైవరుకు డబ్బు తీసుకోదు. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు ఇంకా చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఇట్లు,
ప్రింటర్ల సర్వీసు పనిలో ఉన్న ఒక పాఠకుడు,
కడప