పుస్తకం పేరుతో పాటు పేజీ అంకె కూడా ఇవ్వండి

సంపాదకులకు,

ఆదివారం పుస్తకాల పుటల్లో 'తప్పక చదవాల్సిన తత్వశాస్త్ర గ్రంథాలు' అంటూ పది పేర్లు వస్తుంటాయి. ప్లేటో 'రిపబ్లిక్', అరిస్టాటిల్ 'నికొమాకియన్ ఎథిక్స్', కాంట్, మిల్, చివర్న జాన్ రాల్స్. పేర్లకు వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ జాబితా పట్టుకుని మొదటి పుస్తకం మొదటి పేజీ తెరిచినవాళ్ల సంగతి ఆలోచించండి. నలభయ్యో పేజీ దాటకుండానే పుస్తకం అల్మరాలోకి పోతుంది. తెలివి చాలక కాదు. నీతిశాస్త్రంలో ప్రతి గ్రంథమూ ఏదో ఒక ప్రశ్నకు జవాబుగా పుట్టిందే. ఆ ప్రశ్న మన బుర్రలో పడకముందే జవాబు చదివితే ప్రతి వాక్యమూ నిజమే అనిపిస్తుంది, ఒక్కటీ గుర్తుండదు. అందుకే ఈ విన్నపం: పుస్తకం పేరు వేసేటప్పుడు ఒక ప్రశ్న, ఆ ప్రశ్నతో తలపడే రెండు మూడు చోట్లు, ఆ చోట్ల అంకెలు కూడా వేయండి.

అంకెలంటే అచ్చు పేజీలు కావు. ప్లేటో అనువాదాల్లో పక్క అంచున '10ఎ' లాంటి గుర్తులుంటాయి. 1578లో జెనీవాలో ఎస్తియెన్ అచ్చువేసిన ప్రతిలోని పేజీ, అందులోని భాగం అని వాటి అర్థం. అరిస్టాటిల్‌కు 1831 నాటి బెకర్ ప్రతి అంకెలు, కాంట్‌కు ప్రష్యన్ అకాడమీ సంపుటాల అంకెలు ఉంటాయి. ఏ భాషలో చదివినా, ఏ అనువాదంలో చదివినా అదే అంకె దగ్గర అదే వాక్యం దొరుకుతుంది. ఈ అంకెలు తీసేసిన ముద్రణలు చవకగా దొరుకుతాయి కానీ నలుగురు కలిసి చదవడానికి పనికిరావు. ఒకరు చూపించే వాక్యాన్ని ఇంకొకరు వెతుక్కోవడంతోనే పొద్దుపోతుంది.

ఒక ప్రశ్నను పట్టుకుని చదవడం ఎలాగో ఉదాహరణతోనే చెప్పాలి. ప్రాణం కాపాడటానికి అబద్ధమాడవచ్చా?

కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన తపస్వి కౌశికుడు. దొంగలు తరుముకొస్తుంటే కొందరు అడవిలో దాక్కున్నారు. దొంగలొచ్చి ఎటు పోయారని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దాక్కున్నవాళ్లు చచ్చిపోయారు, సత్యవ్రతుడు నరకానికి పోయాడు. కథను ఇంతవరకే చదివితే 'అవసరమైతే అబద్ధమాడొచ్చు' అనే పలచటి నీతి చేతికొస్తుంది. అది ఎప్పుడు చెప్పిన కథో చూడాలి. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. ఆ మాట ధర్మరాజే అన్నాడు. మాట నిలబెట్టుకోవాలని తమ్ముడు అన్న మీదికి కత్తి దూశాడు. ఆ కత్తిని ఆపడానికి చెప్పిన కథ ఇది. ప్రజలను నిలబెట్టేది కనుక దానికి ధర్మమని పేరొచ్చిందన్న నిర్వచనం కూడా ఆ సందర్భంలోనే వస్తుంది. ఇంకో చిన్న మాటను చాలామంది దాటేస్తారు. నోరు మెదపకుండా తప్పించుకోగలిగితే మెదపవద్దు. మాట్లాడక తప్పకపోతే, మౌనమే అనుమానానికి తావిస్తే, అప్పుడే అబద్ధం మేలు అంటాడు కృష్ణుడు. అంటే ముందు మౌనం, ఆ తర్వాతే అబద్ధం.

ఇప్పుడు కాంట్ 1797లో ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్‌కు జవాబుగా రాసిన చిన్న వ్యాసం తీయండి. అకాడమీ ఎనిమిదో సంపుటంలో 425 నుంచి 430 వరకు, అంతే. హంతకుడు గుమ్మంలో నిలబడి మీ స్నేహితుడు ఇంట్లో ఉన్నాడా అని అడుగుతున్నాడు. అప్పుడు కూడా అబద్ధమాడే హక్కు లేదంటాడు కాంట్. 'ఫలితాల సంగతి ఆయనకు పట్టలేదు' అని పాఠకులు ఇక్కడ పుస్తకం మూసేస్తారు. వ్యాసంలో ఉన్నది వేరు. లేడని మీరు అబద్ధం చెప్పారు. ఈలోపు స్నేహితుడు మీకు తెలియకుండా బయటికి జారుకున్నాడు. వెనుదిరిగిన హంతకుడికి దారిలో ఎదురుపడ్డాడు. అప్పుడు ఆ చావుకు మీదీ బాధ్యతే అంటాడు. నిజం చెప్పివుంటే ఇల్లు వెతికేలోపు ఇరుగుపొరుగు వచ్చి హంతకుణ్ణి పట్టుకునేవారేమో అని కూడా అంటాడు. కాబట్టి ఆయన్ను నిలదీయాల్సిన చోటు ఇది: అబద్ధం వల్ల అనుకోకుండా జరిగిన కీడు నా ఖాతాలో పడి, నిజం వల్ల తప్పక జరగబోయే కీడు పడకపోవడం ఏం న్యాయం? ఇలా అడిగితేనే కాంట్‌తో వాదించినట్టు. ఇంకో సంగతి. అవును, కాదు అని ఏదో ఒకటి చెప్పక తప్పని స్థితి గురించే ఆయన మొదట్లో అడుగుతాడు. మౌనం అనే దారి మూసుకుపోయాక ఏం చేయాలన్నదే ఇద్దరి ప్రశ్నా. అక్కడ కృష్ణుడు ఒకవైపు తిరిగాడు, కాంట్ ఇంకోవైపు. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఈ మలుపు కంటపడదు.

మూడోది తత్వవేత్త సిసెలా బోక్ 1978లో రాసిన 'లయింగ్' (అబద్ధమాడటం). ఆమె పరీక్ష మూడు మెట్లు. అబద్ధం అక్కర్లేకుండా పని జరిగే దారి ఉందా? అబద్ధానికి అనుకూలంగా, వ్యతిరేకంగా ఉన్న నైతిక కారణాలేమిటి? ఆ కారణాలను వివేకవంతులైన నలుగురి ముందు బాహాటంగా పెడితే వాళ్లు ఏమంటారు? మొదటి మెట్టు అచ్చంగా కర్ణపర్వంలోని 'ముందు మౌనం' మాటే. ఈ మూడు పాఠాలూ కలిపి రెండు వారాల పని.

ఇక చదివే తీరు. ప్రతి భాగాన్నీ మూడుసార్లు చదవాలి. మొదటిసారి చేతిలో పెన్సిల్ ఉండకూడదు. ఉంటే అందంగా ఉన్న వాక్యాల కింద గీతలు పడతాయి, వాదాన్ని మోసే వాక్యాలు సాదాసీదాగా ఉండి తప్పించుకుంటాయి. రెండోసారి రచయిత తేల్చిందేమిటో ఆ ఒక్క వాక్యానికే గీత పెట్టాలి. మూడోసారి దానికి ఆధారంగా చూపినవాటిని సొంత మాటల్లో, ఒక్కో వాక్యంగా, నోటుబుక్కులో ఎడమ పేజీలో రాయాలి. కుడి పేజీ అభ్యంతరాలకు. ప్రతి అభ్యంతరమూ ఎడమ పేజీలో ఏదో ఒక వాక్యానికి ఎదురుగా ఉండాలి. 'మొత్తంగా నాకు నచ్చలేదు' అన్నదానికి ఆ పేజీలో చోటు లేదు. పీటర్ సింగర్ 1972 నాటి కరువు వ్యాసం ఈ సాధనకు బాగా అచ్చొస్తుంది. ఆధారాలు రెండే: ఆకలితో, నీడలేక, వైద్యం అందక చావడం చెడు అన్నది ఒకటి; అంతటి విలువైనదేదీ వదులుకోకుండా ఒక చెడును ఆపగలిగితే ఆపి తీరాలన్నది రెండోది. ఆ వ్యాసంలో కనిపించే, చెరువులో మునిగిపోతున్న పిల్లవాడు రెండోదానికి ఉదాహరణ మాత్రమే. చర్చంతా ఆ చెరువు చుట్టూ తిరిగితే అసలు వాక్యం మీద ఎవరూ చెయ్యి వేయనట్టే.

తప్పులు ఎక్కువగా జరిగేది మాటల దగ్గర. అరిస్టాటిల్ 'యుడైమోనియా'ను 'ఆనందం' అని తెనిగిస్తే ఒక పూట కలిగే భావం అనిపిస్తుంది. ఆయన చెప్పేది నిండు జీవితం బాగా సాగడం గురించి. 'అరెతే'ను (ఏదైనా తన పనిని బాగా చేయించే శ్రేష్ఠత) 'సద్గుణం' అంటే కత్తి పదునుకు కూడా ఆ మాట వర్తిస్తుందన్న సంగతి మరుగునపడుతుంది. 'మధ్యమార్గం' అనగానే అన్నిట్లోనూ సగం సగం అనుకుంటారు. 'నికొమాకియన్ ఎథిక్స్' 1106ఎ–బి దగ్గర ఆయనే లెక్క వేసి దాన్ని కాదంటాడు: పది మినాల (మినా అంటే పాత గ్రీకు తూకం) తిండి ఎక్కువ, రెండు తక్కువ అయినంత మాత్రాన అందరికీ ఆరు పెట్టమనడు శిక్షకుడు. మల్లయోధుడు మైలోకు ఆరు చాలదు, కొత్తగా సాధన మొదలుపెట్టినవాడికి అది ఎక్కువ. ఇంకొంచెం ముందుకెళ్తే, 1107ఎలో, దొంగతనానికీ హత్యకూ మధ్యమం లేనే లేదంటాడు.

ఇంకో తప్పు, ఉదాహరణనే తీర్పు అనుకోవడం. 1973లో తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ చెప్పిన జిమ్ కథ ఉంది. ఇరవై మంది బందీలను సైనికులు కాల్చబోతుంటారు. జిమ్ తన చేతులతో ఒకణ్ణి కాలిస్తే పంతొమ్మిది మంది బతుకుతారు. కాల్చనంటే ఇరవై మందీ పోతారు. కాల్చకూడదని విలియమ్స్ వాదించినట్టు చాలామంది చెబుతారు. ఆయన అలా అనలేదు. జిమ్ కాల్చడమే బహుశా సరైనదని ఒప్పుకుంటాడు. ఆ జవాబు లెక్క కట్టినంత తేలిగ్గా వచ్చేస్తుందనడాన్నే తప్పుపడతాడు.

నవలలనూ ఈ జాబితాలో చేర్చాలి, కానీ మొత్తం నవలగా కాదు. దొస్తయేవ్‌స్కీ 'నేరము–శిక్ష' మొదటి భాగం ఆరో అధ్యాయంలో ఒక విద్యార్థి, ఒక అధికారి మాట్లాడుకుంటారు. ఒక్క ముసలమ్మ చావుకు బదులుగా వంద బతుకులు, లెక్క సరిపోతుందంటాడు విద్యార్థి. అయితే నువ్వే చంపుతావా అని అధికారి అడిగితే, చంపనంటాడు. జిమ్ కథ పక్కన పెట్టి చదవాల్సినవి ఆ కొద్ది పేజీలే.

పెద్ద పుస్తకాలకు భయపడనక్కర్లేదు. రాల్స్ 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్' (1971) ముందుమాటలో ఆయనే దారి చూపాడు: 1 నుంచి 4 వరకు విభాగాలు, అక్కడి నుంచి నేరుగా 11 నుంచి 17, తర్వాత మూడో అధ్యాయం పూర్తిగా. ముందుమాట దాటేసినవాళ్లు ఆ సంగతి తెలియక మధ్యలో చిక్కుకుంటారు.

కలిసి చదివేవాళ్లు నలుగురైదుగురు ఉంటే చాలు. కూర్చున్న మొదటి ఇరవై నిమిషాలూ రచయిత ఏమన్నాడన్నదే మాట్లాడాలి, 'నాకేమనిపిస్తుందంటే' అన్న మాట రాకూడదు. ఒకరు ఇష్టం ఉన్నా లేకున్నా రచయిత పక్షాన వాదించాలి. మరుసటిసారి ఆ పని ఇంకొకరిది.

మొదటి వారానికి ప్లేటో 'యూతిఫ్రో' 10ఎ నుంచి 11బి వరకు సూచించవచ్చు. ప్రశ్న: దేవతలకు ఇష్టం కనుక ఒక పని పుణ్యమైందా, పుణ్యం కనుక వాళ్లకు ఇష్టమైందా? ఈ రెండు వాక్యాలు అచ్చువేయడానికి మీ పుటలో అంగుళం చోటు చాలు.

భవదీయులు,
నీతిశాస్త్ర అధ్యాపకులు కొందరు