ఫ్రెంచ్ గయానా దీవులు విహారస్థలాలు మాత్రమే కావు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఫ్రెంచ్ గయానా దర్శనీయ స్థలాలపై వచ్చిన వ్యాసం చదివాను. దక్షిణ అమెరికా ఈశాన్య తీరాన, విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌లో సగమైనా నిండుగా అడవులున్న ఆ ప్రాంతం గురించి తెలుగులో రాసేవారు అరుదు కనుక మీ ప్రయత్నానికి కృతజ్ఞతలు. అయితే కౌరు పట్టణానికి ఎదురుగా సముద్రంలో ఉన్న సాల్యూ దీవులను కొబ్బరిచెట్ల నీడలో ఒక పూట సేదతీరే చోటుగా వర్ణించి, వాటి గతాన్ని ఒకే ఒక్క వాక్యంతో దాటవేయడం నన్ను చాలా బాధించింది.

1852 నుంచి 1953 వరకు ఆ దీవులతో సహా ఫ్రెంచ్ గయానాలో నడిచిన శిక్షా శిబిరాలకు ఫ్రాన్స్ నుంచి, దాని వలసల నుంచి దాదాపు 70 వేల మందిని ఓడలెక్కించి పంపారు. ఎనిమిదేళ్ల లోపు శిక్ష పడినవారు, అది పూర్తయ్యాక మళ్లీ అంతే కాలం ఆ గడ్డమీదే బతకాలి. ఎనిమిదేళ్లు, ఆపైన పడినవారికి స్వదేశం తిరిగి వెళ్లే హక్కే లేదు. మూడు సాల్యూ దీవులలో ఒకటైన సెయింట్ జోసెఫ్‌లోని ఏకాంత ఖైదు గదులకు పైకప్పు ఉండాల్సిన చోట ఇనుప కమ్మీలు ఉండేవి, కాపలావాళ్లు వాటి మీదుగా తిరుగుతూ, మాట్లాడే అనుమతి కూడా లేని మనిషిని పైనుంచి కనిపెడుతూ ఉండేవారు. రాజద్రోహం చేశాడని తప్పుడు నేరం మోపిన డ్రైఫస్ అనే సైనికాధికారిని 1895 నుంచి 1899 వరకు వాటిలోనే మరొకటైన డెవిల్స్ ఐలండ్‌లో ఒంటరిగా ఉంచారు. రంపా తిరుగుబాటుదారులను అండమాన్‌కు పంపిన చరిత్ర ఉన్న మనకు ద్వీపాంతరవాసం అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ శిబిరాల ఘోరాన్ని ఫ్రెంచి ప్రజల ముందు పెట్టిన వారిలో ముఖ్యుడు ఒక పత్రికా విలేఖరే అన్న సంగతి మీకు ప్రత్యేకంగా గుర్తుచేయాలనిపించింది: 1923లో ఆల్బేర్ లోండ్ర్ అక్కడికి వెళ్లి రాసిన కథనాలతో మొదలైన చర్చ ముదిరి, 1938లో ఖైదీలను అలా పంపే పద్ధతి రద్దయింది.

నేను సూళ్లూరుపేటవాసిని. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ మా ఇంటి కిటికీలు అదరడం చిన్నప్పటి నుంచీ ఎరిగినవాణ్ని కాబట్టి, కౌరు అంతరిక్ష కేంద్రం గురించి మీరు రాసిన భాగాన్ని ఆసక్తిగా చదివాను. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల దగ్గరలో ఉండటం వల్ల భూభ్రమణ వేగం అక్కడ రాకెట్‌కు ఎక్కువగా తోడ్పడుతుంది. మన ఆపిల్ ఉపగ్రహం 1981 జూన్ 19న ఏరియాన్ రాకెట్ మీద అక్కడి నుంచే వెళ్లింది, 2022లో జీశాట్-24 కూడా అక్కడి నుంచే వెళ్లింది. ఇవి మీ వ్యాసంలో ఉన్నాయి, సంతోషం. లేనిదల్లా, 1960లలో ఆ కేంద్రం కోసం తీరం వెంబడి ఊళ్లను, పొలాలను ఖాళీ చేయించిన కుటుంబాల మాట. శ్రీహరికోట దీవిని రాకెట్ కేంద్రానికి అప్పగించినప్పుడు అక్కడి యానాదులు ఎలా చెదిరిపోయారో చూసిన పెద్దలు మా ప్రాంతంలో ఇంకా ఉన్నారు. రాకెట్ ఎగరడాన్ని చూడటానికి వెళ్లే సందర్శకుడికి అది ఎవరి నేలమీద నుంచి ఎగురుతోందో కూడా చెప్పడం పత్రిక బాధ్యత అని నా అభిప్రాయం.

మరొక లోపం మనవాళ్లకు సంబంధించినది. 1850ల నుంచి 1870ల దాకా పుదుచ్చేరి, కారైకాల్ వైపు నుంచి వేలమంది కూలీలను ఒప్పందాల మీద ఫ్రెంచ్ గయానాకు తరలించారు. బంగారు గనులలోను, తోటలలోను జ్వరాలకు, చాకిరీకి ఎందరో చనిపోవడంతో చివరికి బ్రిటిష్ ప్రభుత్వమే ఆ తరలింపును ఆపివేసింది. భారతీయ పాఠకుల కోసం రాసిన యాత్రాకథనంలో వారికి చోటు లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

1977లో లావోస్ నుంచి వచ్చిన హ్మాంగ్ తెగ శరణార్థులు స్థిరపడి కూరగాయల సాగుతో నిలదొక్కుకున్న కకావో గ్రామం, దాని ఆదివారపు సంత గురించి మీరు రాసినది బాగుంది. అవాలా-యలిమాపో తీరంలో తోలువీపు తాబేళ్లు గుడ్లు పెట్టే దృశ్యం గురించి రాసినదీ అంతే బాగుంది.

ఒక్క వాస్తవాన్ని మాత్రం వచ్చే సంచికలో సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. పడవలు మూడు దీవులకూ తీసుకువెళతాయని రాశారు. డెవిల్స్ ఐలండ్‌లో సందర్శకులు దిగడానికి అనుమతి లేదు, పక్క దీవి నుంచి చూడవలసిందే. రాకెట్ ప్రయోగాల సమయంలో ఆ దీవులను ఖాళీ చేయిస్తారు కనుక, ప్రయాణం తేదీలు ఖరారు చేసుకునే ముందు ప్రయోగాల పట్టికను చూసుకోవాలని కూడా పాఠకులకు తెలియజేయగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సూళ్లూరుపేట