రామ్ మోహన్ గారి పేరు ఒక్కచోట కూడా లేదేంటండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ సినిమా పేజీలో యానిమేషన్ మీద వేసిన వ్యాసం చదివాను. మహావతార్ నరసింహ అనే యానిమేషన్ సినిమా తెలుగులో కూడా అంత బాగా ఆడింది కాబట్టి మన దేశంలో యానిమేషన్‌కి ఇప్పుడే పురుడు పోసినట్టు రాసేశారు. సినిమా ఆడినందుకు నాకూ సంతోషమే, అదే లైన్లో పని చేసుకుని బతికేవాణ్ణి కాబట్టి పక్కవాళ్ల కన్నా ఓ పిసరు ఎక్కువే. కానీ అరపేజీ వ్యాసంలో మన యానిమేషన్‌కి పునాది వేసినవాళ్లలో ఒకరైన రామ్ మోహన్ గారి పేరు ఒక్కచోట కూడా కనపడకపోతే ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆయనది కేరళలో తిరువల్లా, పుట్టింది 1931లో. చదివింది కెమిస్ట్రీ, చేరింది మాత్రం 1956లో బొంబాయిలో ప్రభుత్వ సినిమా సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ యూనిట్లో. అప్పట్లో డిస్నీలో బాంబీ లాంటి సినిమాలకి బొమ్మలేసిన క్లెయిర్ వీక్స్ అనే ఆయన అమెరికా ప్రభుత్వ సాయం కింద ఇక్కడికొచ్చి మనవాళ్లకి పని నేర్పించారు, ఆ యూనిట్ నుంచే 1957లో జాతక కథ మీద ద బన్యన్ డీర్ అనే చిన్న సినిమా వచ్చింది. మీ పాఠకుల్లో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, హాల్లో అసలు సినిమాకి ముందు న్యూస్ రీలు, ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల బొమ్మ వేసేవారు, జనం చీకట్లో సీట్లు తడుముకుంటూ వచ్చేది సరిగ్గా ఆ టైంలోనే. రామ్ మోహన్ గారు మొదటి పదేళ్లకి పైగా పని చేసింది అలాంటి సినిమాలకే.

అదేమన్నా తేలికైన పనా అంటే, లెక్క చెప్తాను చూడండి. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలబెట్టినా సెకనుకి 12 బొమ్మలు, అంటే పది నిమిషాల సినిమాకి 7,200. అన్నీ కాగితం మీద పెన్సిల్‌తో గీసి, సెల్ అనే పారదర్శకమైన షీటు మీదికి ఇంకుతో ఎక్కించి, వెనకవైపు రంగులేసి, ఒక్కోటి కెమెరా కింద పెట్టి షాట్ తీయాలి. మధ్యలో ఎక్కడన్నా తేడా వస్తే మళ్లీ గీయడమే. (ఇప్పుడు మా ఆఫీసులో కంప్యూటర్ బొమ్మల్ని తయారుచేసిచ్చే రెండర్ రెండు గంటలు లేటయితే కుర్రాళ్లు కుర్చీలు తన్నుతారు.)

1968 ప్రాంతంలో ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి మన ఎల్వీ ప్రసాద్ గారి ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ విభాగానికి చీఫ్‌గా వెళ్లారు. ఈ సంగతి తెలుగు పేపర్ రాయకపోతే ఇంకెవరు రాస్తారు. 1972లో సొంతంగా రామ్ మోహన్ బయోగ్రాఫిక్స్ అనే కంపెనీ పెట్టుకున్నారు. యాడ్‌లు చేశారు, యు సెడ్ ఇట్, తర్వాత ఫైర్ గేమ్స్ అనే యానిమేషన్ సినిమాలకి నేషనల్ అవార్డులు తెచ్చుకున్నారు, మృణాల్ సేన్ భువన్ షోమ్‌కీ, సత్యజిత్ రే శత్రంజ్ కే ఖిలాడీకీ యానిమేషన్ ముక్కలు చేసిచ్చారు. రే సినిమాలో బ్రిటిష్ గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒక్కో రాజ్యాన్నీ చెర్రీ పండులా నోట్లో వేసుకునే బిట్టు ఉంటుంది కదా, దొర బుద్ధి మొత్తం అందులోనే తెలిసిపోద్ది.

నన్నడిగితే ఆయన చేసిన వాటిల్లో అన్నిటికన్నా గొప్పది మీనా. దక్షిణాసియా దేశాలు 1991 నుంచి పదేళ్లు ఆడపిల్లల దశాబ్దం అనుకున్నప్పుడు బంగ్లాదేశ్ యునిసెఫ్ వాళ్లు మొదలుపెట్టిన సిరీస్ అది. తొమ్మిదేళ్ల పల్లెటూరి పిల్ల, తమ్ముడు రాజు, మిఠూ అనే చిలక. ఒక కథలో చెట్టెక్కి మామిడిపండు కోసింది మీనా అయినా ఇంట్లో పెద్ద ముక్క రాజుకే పోతుంది, మర్నాడు ఇద్దరూ పనులు మార్చుకుంటారు, సాయంత్రానికి వాడికి తిక్క కుదురుతుంది. ఉపన్యాసం లేదు, ఏడుపు లేదు, చిన్నపిల్లలు నవ్వుకుంటూ చూసేస్తారు. ఆ పిల్ల మొహం చూస్తే ఢాకా పిల్లో, పాట్నా పిల్లో, లాహోర్ పిల్లో చెప్పలేం, ఎవరికి వాళ్లు మా పిల్లే అనుకునేలా డిజైన్ చేశారు. అలా చేయడం ఎంత కష్టమో బొమ్మలేసేవాళ్లకి తెలుసు.

ఇక రామాయణం యానిమేషన్ సినిమా. 2025 జనవరి 24న తెలుగు డబ్బింగ్‌తో మళ్లీ రిలీజ్ చేసినప్పుడు, కొత్త వెర్షన్‌కి మన విజయేంద్ర ప్రసాద్ గారు సలహాలిచ్చారని అందరూ రాశారు, జపాన్ వాళ్లు తీసిన రామాయణం అని కూడా రాశారు. దాన్ని మొదలుపెట్టిన జపాన్ ఆయన యూగో సాకో గారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, అలహాబాద్ దగ్గర తవ్వకాల మీద డాక్యుమెంటరీకి వచ్చి రామకథ పట్టుకుని వదలని మనిషి ఆయన. కానీ 1992లో తయారైన ఆ సినిమాకి డైరెక్టర్లు ముగ్గురు, సాకో, కోయిచి ససాకి, రామ్ మోహన్. పంచె ఎలా కట్టాలో, పెద్దవాళ్ల దగ్గర ఆశీర్వాదం ఎలా తీసుకోవాలో జపాన్ ఆర్టిస్టులకి దగ్గరుండి చెప్పింది మన ఆర్టిస్టులే. అసలు ఇక్కడే కలిసి తీద్దామంటే రాముణ్ణి కార్టూన్‌గా చూపిస్తారా అని అభ్యంతరాలొచ్చి పని జపాన్‌కి పోయింది, తీరా సినిమా రెడీ అయ్యేసరికి దేశంలో అయోధ్య గొడవ, ఇంక పెద్ద రిలీజ్ ఎక్కడిది.

నేను చెప్పొచ్చేది ఏంటంటే, అరవై ఏళ్లకి దగ్గర దగ్గరగా పని చేసిన మనిషికి తన ఒక్కడి పేరు మీద థియేటర్ సినిమా తీసే అవకాశం రాలేదు. చేతకాక కాదు, కార్టూన్‌కి కోట్లు పెట్టేవాడు అప్పుడు లేడు. బొమ్మలంటే టీకాల గురించి, పొదుపు గురించి చెప్పడానికే అనుకున్నారు అంతా. ఇప్పుడు హైదరాబాద్‌లో ఛోటా భీమ్ తయారైంది, ఫారిన్ షోలకి ఇక్కడ చేసిపెట్టే కాంట్రాక్టు పని దండిగా జరిగింది, గల్లీకో ఇన్‌స్టిట్యూట్ ఉంది, అందులో చేరే పిల్లలకి జపాన్ యానిమేషన్ దర్శకుడు మియాజాకీ తెలుసు, అమెరికా స్టూడియో పిక్సార్ తెలుసు, 2014లో పద్మశ్రీ తీసుకుని 2019 అక్టోబర్‌లో పోయిన ఈయన మాత్రం తెలీదు. ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్లని అడిగి చూసే చెప్తున్నా.

మీ నుంచి కోరేది రెండే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 26, ఆ వారం పిల్లల పేజీలో మీనా గురించి కాస్త చోటివ్వండి. రెండోది, ఫిల్మ్స్ డివిజన్ ఇప్పుడు ఎన్‌ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) కలిసిపోయింది కదా, ఆ పాత కార్టూన్లకి అప్పట్లో చేసిన తెలుగు డబ్బింగులు ఏమయ్యాయో మీ ఢిల్లీ రిపోర్టర్‌తో ఒకసారి అడిగించండి, మేం అడిగితే జవాబు రాదు, పేపర్ వాళ్లు అడిగితే వస్తుంది. ఈలోపు మీ వెబ్‌సైట్లో ఆ రామాయణం ఫొటో కింద మూడో డైరెక్టర్ పేరు కూడా చేర్చండి, రెండు నిమిషాల పని.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
మాదాపూర్, హైదరాబాద్