ఇంటి పన్నులో పుస్తకాల వాటా

తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల సమావేశంలో మీలో చాలామంది ఒకే మాట అన్నారు: మావాడు పాఠ్యపుస్తకం తప్ప మరొకటి ముట్టడు, ఫోను వదలడు, మీరైనా గట్టిగా చెప్పండి అని. చెబుతాను. కానీ మాస్టారు కేకలేయడం వల్ల పుస్తకం మీద ఇష్టం పుట్టిన పిల్లవాడిని నా సర్వీసులో ఇంతవరకూ చూడలేదు.

మన ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడున్నాడు. వాడికి చదవమని ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాన్న కొబ్బరికాయల వలుపు పనికి వెళతారు. పని త్వరగా తెమిలిన సాయంత్రాల్లో శాఖా గ్రంథాలయంలో కనిపిస్తారు. ముందు దినపత్రికలో అంబాజీపేట మార్కెట్ కొబ్బరి ధర చూసుకుని, తరువాత బీరువాల దగ్గరికి వెళ్లి పాత నవలలు తిరగేస్తారు. పీచు ఒరుసుకుని కాయలు కాసిన వేళ్లు కదా, పలుచటి కాగితం ఎక్కడ చిరుగుతుందోనని పేజీ అంచు పట్టుకోకుండా అరచేత్తో నెమ్మదిగా జరుపుతారు. ఇంటికి తీసుకెళ్లే ముందు చివరి అట్ట లోపల అతికించిన తేదీల చీటీ చూస్తారు. ఆఖరి ముద్ర ఎన్నో ఏళ్ల కిందటిదైతే, "పాపం, దీన్ని ఎవరూ పట్టించుకోలేదండీ" అంటూ దాన్నే ఎంచుకుంటారు. ఇది మంచి పద్ధతే అనిపిస్తుంది. సమీక్షలు చదివి నేను కొన్న పుస్తకాలు చాలావరకు అలమరలో మూలుగుతున్నాయి.

కొడుకు మొదట్లో ఆయన్ని భోజనానికి పిలవడానికి సైకిలు వేసుకుని వచ్చేవాడు. "ఈ నాలుగు పేజీలు అయిపోనీరా" అనేవారాయన. ఊరికే కూర్చోలేక వీడు పిల్లల పత్రికలు అందుకున్నాడు. ఇప్పుడేం చదువుతున్నాడో నేను అడగలేదు గానీ, తెలుగు జవాబు పత్రంలో గైడు వాక్యాలు తగ్గి సొంత వాక్యాలు వస్తున్నాయి.

గ్రంథాలయం ఎవరో మనకు దయతలచి ఇచ్చింది కాదు. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా చెల్లిస్తున్నారు. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. వేళకు చేరుతుందా అన్నది వేరే కథ. డబ్బు కట్టి సరుకు కొట్లోనే వదిలేసి రావడం మన గోదావరి వాళ్లకు అలవాటు లేని పని.

పుస్తకాల పిచ్చి మన గడ్డకు కొత్తా కాదు. భీమవరం దగ్గరి కుముదవల్లిలో 1897లోనే గ్రంథాలయం వెలిసింది. మరుసటి ఏడాది రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు తన గురువు, వసురాయ కవిగా పేరున్న వడ్డాది సుబ్బారాయుడి పేరిట వసురాయ గ్రంథాలయం పెట్టారు. నేటి గౌతమీ గ్రంథాలయానికి అదొక మూలం. గ్రంథాలయోద్యమాన్ని ఊరూరికీ చేర్చిన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది మన కొంకుదురులోనే, 1890లో. పక్కనున్న కృష్ణా డెల్టాలోనైతే 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు.

మన శాఖా గ్రంథాలయంలో లోటుపాట్లు లేవనను. వానాకాలం ఒక మూల కారుతుంది. పోటీ పరీక్షలకు చదివే యువకులు వచ్చాక కుర్చీలు చాలవు. అయినా మీరు రండి. పిల్లలను లోపలికి పంపి, గేటు బయట బండి మీద కూర్చుని ఫోను చూసుకోవద్దు. వాళ్లు మీ కంటే గడుసువాళ్లు, కిటికీలోంచి అన్నీ గమనిస్తారు. చదువు రాని నానమ్మలు, అమ్మమ్మలు ఉంటే ఇంటికి తెచ్చిన పుస్తకం పిల్లల చేత పైకి చదివించుకోండి. నానమ్మ మధ్యలో వేసే ప్రశ్నలకు మా ఉపాధ్యాయులు కూడా తడుముకోవాల్సిందే.

సభ్యత్వ దరఖాస్తులు బడి ఆఫీసులో ఉంచాం. డిపాజిట్ కట్టాలి, సభ్యత్వం మానుకున్నప్పుడు తిరిగి ఇస్తారు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో ఒక సాయంత్రం ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలందరినీ అక్కడికి తీసుకెళుతున్నాం. ఒక్కొక్కరితో ఇంటి నుంచి ఒక పెద్దవారు రావాలి. తేదీ పిల్లల డైరీలో రాసి పంపుతాం. ఈలోగా మీరే వెళ్లాలనుకుంటే శుక్రవారం మాత్రం సెలవు. ఆ రోజు వెళ్లి తాళం చూసి వచ్చి నన్ను నిష్ఠూరమాడవద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు